నాన్న ఇత్తడి బిళ్ళ, దబోలిం రన్‌వే

నాన్న సంవత్సరీకం ముగిసి చుట్టాలందరూ వెళ్ళిపోయిన మరునాడు, అమ్మ అటక మీది నల్ల ట్రంకుపెట్టెను దింపమంది. మూత మీద తెల్లరంగుతో రాసిన నాన్న పేరు, ఆయన సర్వీసు నంబరు, వాటి కింద "దబోలిం, గోవా" అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. మూత ఎత్తగానే కలరా ఉండల ఘాటుతో పాటు, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పీల్చని వాసన ఒకటి గదంతా కమ్ముకుంది. రేషను కిరసనాయిలుకు దగ్గరగా ఉంటుంది గాని దానికంటే పలచన. వేడెక్కిన ఇనుమూ, చెమటా, నూనెగుడ్డా కలిసినట్టుండే విమాన ఇంధనపు వాసన. మా చిన్నతనంలో సాయంత్రం నాన్న గుమ్మంలో అడుగుపెడుతున్నారని మాకు చెప్పేది ఆ వాసనే.

మడతపెట్టిన నీలం ఓవరాల్స్ జేబులో గట్టిగా ఏదో చేతికి తగిలింది. రూపాయి బిళ్ళంత ఇత్తడి బిళ్ళ. పైన తగిలించుకోవడానికి చిన్న కన్నం, కింద గుద్దిన 47 అన్న అంకె. అంచులు అరిగి నునుపెక్కాయి. "ఆయన ఒక్క మేకైనా ఇంటికి తెచ్చుకునే మనిషి కాదు. రిటైరైన రోజున తోటివాళ్ళే బోర్డు మీంచి తీసి చేతిలో పెట్టారట" అని చెప్పి, అమ్మ దాన్ని అరచేతిలో మూసుకుని చాలాసేపు కూర్చుంది.

*

నౌకాదళంలో పనిచేసే నాన్నకు గోవా బదిలీ అయ్యేసరికి నాకు అయిదో ఏడు. చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కి, విజయవాడలో బండి మారి, గుంతకల్లులో మీటర్‌గేజి రైలు పట్టుకుని, హుబ్లీ, లోండా దాటి వెళ్ళాలి. కాజిల్‌రాక్ నుంచి ఘాట్ దిగేటప్పుడు దూద్‌సాగర్ జలపాతం ముందుగా రైలు నెమ్మదిగా సాగుతుంటే, కిటికీలోంచి పడిన తుంపర్లు అమ్మ ఒళ్ళోని పులిహోర పొట్లాన్ని తడిపేశాయి. అప్పటికి గోవా రాష్ట్రం కాలేదు. డామన్, డయ్యూలతో కలిపి కేంద్రపాలిత ప్రాంతంగా ఉండేది. గోవా విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు, అంటే మా పాత విజయనగరం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. అంత చిన్న నేలకు దబోలింలో అంత పెద్ద విమానాశ్రయం ఎందుకని ఆ వయసులో నాకు తోచలేదు గాని, తరువాత ఆ ప్రశ్నకు జవాబు మా ఇంటి యజమానురాలి నోటే విన్నాను.

క్వార్టర్లు దొరికేదాకా మేము దబోలింకు ఆనుకుని ఉన్న చికలిం గ్రామంలో ఒక పాత పెంకుటింటి వెనక భాగంలో అద్దెకు ఉన్నాం. ఆ ఇంటి కిటికీలకు గాజుకు బదులు ఆల్చిప్ప పలకలు ఉండేవి. వాటిలోంచి వచ్చే ఎండ పాలలో ముంచినట్టు మెత్తగా గచ్చు మీద పడేది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ "మాయ్" అని పిలిచేవారు, కొంకణిలో అమ్మ అని అర్థం. అమ్మకు కొంకణి రాదు, మాయ్‌కు తెలుగు రాదు. అయినా మొదటి వేసవిలోనే వాళ్ళిద్దరినీ కలిపింది జీడితోట. పెరట్లో రాలిన జీడిమామిడి పండు వాసన తగలగానే, మా ఉద్దానం వాసన అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ చెట్టును మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువారేనని నాన్న చెబితే, మన పలాస జీడిపప్పుకు మూలం ఈ తీరంలో ఉందా అని ఆశ్చర్యపోయింది.

మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఇంజను పరీక్ష చేస్తున్నారు. సన్నగా మొదలై, పళ్ళు జివ్వుమనేంతగా పైకి లేచి, ఒకచోట నిలిచిపోయే కీచుధ్వని. "అది మన అలీజ్, భయపడకు అమ్మలూ" అన్నారు నాన్న. ఫ్రెంచివారు తయారుచేసిన ఆ విమానం పేరుకు సముద్రం మీద ఏటేటా వీచే వాణిజ్యపవనాలని అర్థమట. విక్రాంత్ నౌక మీదికి రెక్కలు మడుచుకుని దిగే ఆ ముగ్గురు మనుషుల విమానానికి మరమ్మతులు చేయడమే నాన్న పని. దాని ముక్కున ఉండే రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజను గొంతు నా బాల్యమంతా వినిపిస్తూనే ఉంది.

*

అక్కడ తెల్లవారుజామున మొదట వినిపించేది రొట్టెలవాడి హారను. పొదేరు అనేవాళ్ళం. సైకిలు వెనక వెదురుబుట్టలో, గోనెపట్టా కింద వేడివేడి రొట్టెలు పెట్టుకుని, రబ్బరు బుడ్డి నొక్కుతూ సందు సందూ తిరిగేవాడు. ఆ హారను దూరమయ్యే వేళకు నాన్న షూ లేసులు కట్టుకుంటూ ఉండేవారు. ఆ తరువాత కాసేపు అంతా నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో నేను చాలా కాలానికి గాని చూడలేదు.

ఒకసారి కుటుంబాలను లోపలికి తీసుకువెళ్ళిన రోజున నాన్న చూపించారు. విమానాలు నిలిపే చోట పదుల కొద్దీ నావికులు భుజం భుజం దాదాపు తగిలేటట్టు ఒకే వరుసలో నిలబడి, తలలు వంచి, నేల మీంచి చూపు ఎత్తకుండా మెల్లగా నడుస్తున్నారు. గులకరాయి, తెగిన తీగముక్క, ఊడిపడిన స్క్రూ, ఎండుటాకు, ఏది కనిపించినా వంగి తీసి జేబులో వేసుకుంటున్నారు. ఒక్క రాయి చాలు, జెట్ ఇంజను దాన్ని లోపలికి లాక్కుంటే లోపలి రెక్కలన్నీ పాడైపోతాయని నాన్న చెప్పారు. అలాంటి వస్తువును వాళ్ళు ఫాడ్ అనేవారు. ఎర్రరాతి పీఠభూమి మీద కట్టిన ఏరోడ్రోము అది. గాలి వీస్తే ఎర్రమట్టి, వాన పడితే ఎర్రబురద, ప్రతి బూటు అట్ట కింద ఒక రాయి. అందువల్ల ఆ వరుస నడక ఒక్కపూట కూడా తప్పేది కాదు. నాన్న ఇంటికొచ్చాక జేబులు గుమ్మం బయటే దులుపుకునేవారు. మా గుమ్మం పక్క తులసికోట చుట్టూ చేరిన గులకరాళ్ళన్నీ అలా వచ్చినవే.

ఆ రోజే పనిముట్ల బోర్డు కూడా చూశాను. గోడంత చెక్కపలక మీద ప్రతి పానాకూ, ప్రతి స్క్రూడ్రైవరుకూ, ప్రతి పట్టకారుకూ దాని ఆకారం రంగుతో గీసి ఉంది. ఒక పానా తీసుకున్నవాడు దాని స్థానంలో తన అంకె ఉన్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. పని ముగిశాక పానా తిరిగి గీతలోకి రావాలి, బిళ్ళ తిరిగి మనిషి చేతికి రావాలి. బోర్డు మీద ఒక్క గీత ఖాళీగా ఉన్నా ఆ విమానం గాలిలోకి లేవడానికి వీల్లేదు. ఆ అలవాటు మా ఇంట్లోకి కూడా వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక గరిటెలు, చెంచాలు, కత్తిపీట ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో నాన్న ఒకసారి కళ్ళతో లెక్కపెట్టుకుంటే గాని వంటింట్లో దీపం ఆరేది కాదు.

పొద్దుటి పూట ఆకాశం పూర్తిగా నౌకాదళానిది. ఆ మోతలో కుక్కరు విజిలు వినపడక, అమ్మ గ్యాసుపొయ్యి ఎదురుగా నిలబడి ఆవిరి ఎగిసిన ప్రతిసారీ వేలు మడుస్తూ లెక్కపెట్టేది. బడిలో మా హిందీ టీచరుగారు పద్యం మధ్యలో ఆగి, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంచి, విమానం దాటిపోయాక ఆపిన అక్షరం దగ్గరే మళ్ళీ అందుకునేవారు. అలా ఆగే అలవాటు నాకు ఎంతగా పట్టుకుందంటే, విశాఖ వచ్చిన కొత్తలో పెద్ద లారీ వెళ్ళినా నా మాట దానంతటదే ఆగిపోయేది.

*

మధ్యాహ్నం దాటాక అదే రన్‌వే మరో లోకమయ్యేది. బొంబాయి నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ దిగేది. ఆదివారాలు అన్నయ్యా నేనూ కంచె బయట గట్టు మీద కూర్చుని దాని కోసం ఎదురుచూసేవాళ్ళం. అయితే మేము ఎక్కువగా చూసింది విమానాన్ని కాదనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే, దాన్ని ఎక్కించడానికి వచ్చిన మనుషులను. ఒక్క మనిషి ప్రయాణానికి వ్యానునిండా జనం వచ్చేవారు. కువైట్‌కో బహ్రెయిన్‌కో పోయేవారు, ఓడల్లో కొలువు చేసే తార్వటీలు ముందు బొంబాయి చేరి, అక్కడి నుంచి దూరదేశాలకు వెళ్ళేవారు. పిల్లవాడి నుదుటి మీద శిలువ గుర్తు వేసే తల్లులను, అట్టపెట్టెకు కొబ్బరితాడు బిగించే తండ్రులను చూసి, "మన కోనసీమ వాళ్ళూ ఇంతే కదా" అనేది అమ్మ. తలుపులు మూసుకుని, మెట్ల బండి వెనక్కి జరిగాక, ఆ జనమంతా ఒక్కసారి మౌనమైపోవడం నాకు బాగా గుర్తు.

1980లలో యూరప్ నుంచి నేరుగా చార్టర్ విమానాలు రావడం మొదలైంది. మెట్ల మీద నిలబడి ఆ ఎండకు కళ్ళు చిట్లించుకునే ఎర్రటి ముఖాలను మేము వింతగా చూసేవాళ్ళం. లోకానికి దబోలిం అంటే ఆ సెలవుల గుమ్మమే గుర్తు. ఆ గుమ్మం ముందు నేలను పొద్దున్నే ఒక్కో రాయీ ఏరి శుభ్రం చేసినవారు ఉన్నారని ఆ వచ్చేవారికి ఎవరైనా చెబితే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

*

మాయ్ చెప్పిన కథ ఇది. కొంత నాన్న అనువదించారు, కొంత నేను పెద్దయ్యాక చదివి పూరించుకున్నాను. గోవాను వదలడానికి పోర్చుగల్ ఒప్పుకోకపోవడంతో భారతదేశం ఆర్థిక దిగ్బంధం విధించింది, రైలుదారి మూసుకుపోయింది. అప్పుడు బయటి ప్రపంచంతో బంధం కోసం పోర్చుగీసు ప్రభుత్వం 1955లో దబోలింలో ఈ విమానాశ్రయాన్ని తెరిచి, దానికి తన గవర్నర్ జనరల్ బెనార్డ్ గెదెస్ పేరు పెట్టింది. టైప్ అనే సొంత విమాన సంస్థను కూడా నెలకొల్పి, కరాచీకి, అటునుంచి లిస్బన్‌కూ రాకపోకలు సాగించింది. మాయ్ తమ్ముడు ఆ విమానంలోనే కరాచీ వెళ్ళి ఓడ పనిలో చేరాడట.

1961 డిసెంబర్ 18న భారత వాయుసేన కాన్‌బెర్రా బాంబర్లు వచ్చి రన్‌వే మీద 63,000 పౌండ్ల బాంబులు కురిపించాయి. టెర్మినల్ భవనాన్ని మాత్రం తాకలేదు. ఆల్చిప్ప పలకలు రెండు పగిలిన చోట మాయ్ పెట్టించిన రేకుముక్కను నేను చేత్తో తడిమి చూశాను. ఆ రాత్రి గుంతలను హడావిడిగా పూడ్చి, మిగిలిన కొద్దిపాటి దారి మీంచే రెండు పౌరవిమానాలు అధికారుల కుటుంబాలను ఎక్కించుకుని, దీపాలు ఆర్పుకుని కరాచీకి ఎగిరిపోయాయి. చీకట్లో ఆ మోత తమ ఇంటి కప్పు మీదుగా పోయిందని చెబుతూ మాయ్ రెండు చేతులూ పైకెత్తి పెంకుల వైపు చూపించేది. మరునాడు గోవా విముక్తమైంది. 1962లో విమానాశ్రయం మన నౌకాదళం చేతికి వచ్చింది, 1964లో ఐఎన్ఎస్ హంస అనే నౌకాదళ విమాన స్థావరం కోయంబత్తూరు దగ్గరి సూలూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. కాబట్టే అది అంతర్జాతీయ విమానాశ్రయం అయినా, నౌకాదళపు ఇంట్లో ఒక గదిలా మిగిలిపోయింది. మన విశాఖ విమానాశ్రయానికీ అక్కడి నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగకూ ఉన్న పొత్తు కూడా ఇలాంటిదే కనుక, పెద్దయ్యాక విశాఖ వచ్చిన మాకు అది కొత్త అనిపించలేదు.

*

1983 మా ఊరికి పండుగలాంటి ఏడు. జువారీ మీద వంతెన తెరుచుకుని, కోర్తలిం రేవులో ఫెర్రీ కోసం గంటలు గంటలు నిలబడే అవసరం తప్పింది. కామన్వెల్త్ దేశాధినేతలు నవంబరులో విశ్రాంతి సమావేశానికి గోవా వస్తారని రోడ్లకు తారు పడింది, విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది. డిసెంబర్ 16న మొదటి సీ హారియర్లు దిగాయి. ఎగురుతూ ఎగురుతూ గాలిలో నిలబడిపోయిన విమానాన్ని చూసి మా వీధి కాకులన్నీ లేచి కకావికలైపోయాయి. మాయ్ గుమ్మంలోకి వచ్చి శిలువ గుర్తు వేసుకుంది. నాన్న మాత్రం చాలాసేపు చూసి, "దాని కింద నేల ఇంకా శుభ్రంగా ఉండాలి" అన్నారు.

తరువాత 1988లో టీయూ-142 అనే పెద్ద గస్తీ విమానాలు వచ్చాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. ఆ మోత చెవికన్నా ముందు గుండెకు తెలిసేది. అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని సన్నగా మోగేవి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి నాన్న ఇంటికి రాలేదు. ఆయన తీసుకున్న చిన్న పానా ఒకటి సాయంత్రం లెక్కలో తేలలేదు. బోర్డు మీద గీత ఖాళీ, దాని స్థానంలో 47 బిళ్ళ వేలాడుతోంది. తన చేతిలోంచే పోయింది కనుక తప్పు తనదేనని ఆయన ముందే చెప్పేశారట. విమానం పలకలన్నీ విప్పి, ఇంజను గూడులో చేతిదీపాలు పెట్టి వెతికారు. అమ్మ అన్నం గిన్నె మీద పళ్ళెం బోర్లించి, గుమ్మంలో కూర్చుని అలాగే కునికింది. తెల్లవారి పొదేరు హారను వినిపిస్తున్న వేళకు నాన్న వచ్చారు. మోచేతుల దాకా నల్లటి నూనె. కాలవగట్టు గడ్డిలో, తాను చేతులు కడుక్కున్న చోటే పానా దొరికిందని చెప్పి, ఆ చల్లటి అన్నమే మజ్జిగ పోసుకుని తిన్నారు. "అది దొరక్కపోతే ఏమయ్యేదండీ" అని అమ్మ అడిగితే, "దొరికేదాకా వెతికేవాళ్ళం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం గాని, అలసట గాని లేదు.

*

అలీజ్‌లు సెలవు తీసుకున్న 1991లోనే నాన్న కూడా సర్వీసు ముగించుకుని విశాఖలో ఉద్యోగంలో చేరారు. 2002 అక్టోబర్ 1న దబోలిం మీద రెండు ఐఎల్-38 విమానాలు గాలిలో ఢీకొని, వాటిలోని పన్నెండు మందీ, నేల మీది వారిలో కొందరూ చనిపోయినప్పుడు, ఆ రోజంతా ఆయన టీవీ ముందు కదలకుండా కూర్చున్నారు. రాత్రికి స్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టి, ఒక్క మాటా లేకుండా పడుకున్నారు.

2017 చివర్లో విశాఖ బీచ్‌రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 మ్యూజియం ప్రారంభమైంది. జనం రద్దీ తగ్గాక ఒక సాయంత్రం నాన్నను తీసుకువెళ్ళాను. దబోలింలో మా గ్లాసులు మోగించిన విమానజాతి ఇప్పుడు బంగాళాఖాతం గాలికి చప్పుడు లేకుండా నిలబడి ఉంది. నాన్న చేతికర్ర ఆనించుకుని రెక్క కిందికి వెళ్ళి, పైకి చూడడానికి ముందు కిందికి చూశారు. మోకాళ్ళు సహకరించకపోయినా మెల్లగా వంగి, ఇంజను కింద పడి ఉన్న ఒక గులకరాయిని ఏరి చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంటికొచ్చాక గుమ్మం బయట ఆగి, జేబు దులిపారు.

*

బిళ్ళ దొరికిన కొన్నాళ్ళకు గోవా ప్రయాణం పెట్టుకున్నాను. హైదరాబాదు నుంచి మోపాలో దిగాను. ఉత్తర గోవాలో కొత్తగా కట్టిన మనోహర్ విమానాశ్రయం అది. 2023 జనవరి 5న అక్కడికి వచ్చిన మొట్టమొదటి ప్రయాణికుల విమానం మన హైదరాబాదు నుంచే వెళ్ళింది. దాన్ని నిర్మించిన సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావు గారిది మా చీపురుపల్లికి దగ్గరి రాజాం. నాన్న ఉంటే ఈ రెండు మాటలూ విని ఎంతో సంతోషపడేవారు. విశాలంగా, చల్లగా, వెలుతురుగా ఉన్న ఆ భవనంలో నాకు లోటుగా అనిపించింది ఒక్క వాసన.

కొత్త వంతెన మీదుగా జువారీ దాటి దబోలిం చేరాను. చికలింలో మాయ్ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల భవనం ఉంది. బొగ్మాలో దారిలోని నౌకాదళ విమాన మ్యూజియంలో, పెద్ద సూపర్ కాన్‌స్టెలేషన్‌కూ, సీ హాక్‌కూ కాస్త దూరంగా అలీజ్‌ను చూశాను. రంగు కొత్తగా వేశారు. నాన్న చేతులు ఎప్పుడూ ఉండే ఇంజను మూత దగ్గర నిలబడి బిళ్ళను జేబులోంచి తీశాను. తగిలించడానికి అక్కడ బోర్డు లేదు కనుక, కాసేపు పిడికిట్లో ఉంచుకుని మళ్ళీ జేబులోనే వేసుకున్నాను.

మరునాడు పొద్దున మేము కూర్చునే గట్టు ఎక్కడుండేదో వెతుక్కుంటూ కంచె వెంట నడుస్తుంటే మోత మొదలైంది. మిగ్-29కె ఒకటి రన్‌వే చివరికి వచ్చి నిలబడింది. నేను గబగబా అమ్మకు ఫోను చేసి, ఏమీ చెప్పకుండా ఫోనును గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. విమానం లేచి సముద్రం మీదికి మళ్ళి, మోత పూర్తిగా అణిగేదాకా అలాగే నిలబడి, తరువాత ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఇది అలీజ్ కాదు, అమ్మలూ" అంది అమ్మ. "మీ నాన్న విమానానిది సన్నటి గొంతు."